ఫిల్టర్‌లో వేయని ఉప్పు

ఫిల్టరు మేస్త్రి చేతిలో పద్నాలుగు ఇళ్ళున్నాయి. పద్నాలుగు ఇళ్ళంటే పద్నాలుగు ఈతకొలనులు, పద్నాలుగు పంపులు, పద్నాలుగు రకాల యజమానులు. ఎవరింట్లో నీళ్ళు ఏ నెలలో పచ్చబడతాయో, ఎవరి పంపు ఎప్పుడు మూలుగుతుందో అతనికి కంఠతా వచ్చు. పాతికేళ్ళుగా అదే పని. "మేస్త్రి చెయ్యి పెడితే నీళ్ళు అద్దమైపోతాయి" అని ఆ ఇళ్ళవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా పైకి విననట్టే ఉండి, లోపల మాత్రం బాగానే పొంగిపోయేవాడు.

ఆ పద్నాలుగింటిలో పళ్ళ డాక్టరమ్మ ఇల్లు చిన్నది. వెనక వరండా మెట్లు దిగితే ముప్పై అడుగుల పొడవు కొలను, పక్కనే రేకుల గది. గదిలో పంపు, దాని పక్కన నడుమెత్తు ఫిల్టరు ట్యాంకు, గోడకి ఒక మేకు, మేకుకి వేలాడే అట్ట. ఫిల్టరుకి ఏ రోజు ఏం చేశారో తేదీ వేసి ఆ అట్ట మీద రాయాలి. అది డాక్టరమ్మ భర్త పెట్టిన పద్ధతి. ఆయన భవనాల ఇంజనీరు. ఏ పనికైనా ఒక కాగితం ఉంటే తప్ప నిద్రపట్టని మనిషి.

ఐదేళ్ళ కిందట ఆ ట్యాంకులో ఇసుక ఉండేది. దాన్ని తీయించి జియోలైట్ వేయించింది మేస్త్రే. ఆ రోజు ఇంజనీరుకి గుప్పెడు గింజలు అరచేతిలో పోసి మరీ చెప్పాడు.

"చూడ్డానికి రాతిపొడిలా ఉంటుంది గానీ సార్, ఒక్కో గింజ నిండా కంటికి కనపడని గూళ్ళు. ఇసుకైతే మురికిని ఆపి ఊరుకుంటుంది. ఇది అమ్మోనియాని కూడా పట్టేస్తుంది. మన చెమటలో ఉంటుంది చూడండి, అది. అది నీళ్ళలో మిగిలిపోయి క్లోరిన్‌తో కలిస్తేనే ఆ ఘాటు వాసనా, కళ్ళమంటా."

"గూళ్ళు నిండిపోతే?" అని అడిగాడు ఇంజనీరు.

"ఆరు నెలలకోసారి ఉప్పునీళ్ళలో నానబెట్టాలి. ఒక రోజంతా నానిందంటే పట్టుకున్నదంతా వదిలేస్తుంది. మళ్ళీ కొత్తదే."

చెప్పడానికి రెండు ముక్కలు. చేయడానికి రెండు రోజులు. ఉప్పు బస్తాలు మోసుకురావాలి, డ్రమ్ముల్లో కరిగించాలి, పంపు ఆపి ట్యాంకు తెరిచి ఆ ఉప్పునీళ్ళు పోయాలి, మర్నాడు మళ్ళీ వచ్చి నీటిని కిందినుంచి పైకి ఎదురుతోలి, గొట్టానికి బిగించిన గాజుబుడ్డిలో నీళ్ళు తేటపడేదాకా కడగాలి. మొదటి మూడేళ్ళూ మేస్త్రి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత ఒకసారి భుజం పట్టేసింది. బస్తా ఎత్తలేకపోయాడు. వచ్చే వారం చేద్దాంలే అనుకున్నాడు. ఇంజనీరు అడుగుతాడేమోనని అట్ట మీద మాత్రం తేదీ వేసేశాడు. ఆ వచ్చే వారం రానేలేదు. మళ్ళీ ఆరు నెలలు తిరిగేసరికి భుజం బాగానే ఉంది. నీళ్ళు కూడా బాగానే ఉన్నాయి. బాగున్నదాన్ని కెలకడమెందుకనిపించి, తేదీ వేసి ఊరుకున్నాడు. మూడోసారికి ఆ సాకు కూడా వెతుక్కోలేదు. జేబులోంచి పెన్ను తీసి, "ఉప్పు వాష్ అయినది" అని రాసి తేదీ వేశాడు. మొదటిసారి అలా రాసేటప్పుడు అక్షరాలు వంకరపోయాయి. మూడోసారి అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

ఆ మధ్యలోనే డాక్టరమ్మ తండ్రి ఆ ఇంటికి వచ్చాడు.

పెద్దాయన దూరపు రూట్లలో ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. పక్షవాతం తగిలి కుడికాలు మొండికేసింది. మాట పోలేదు, జ్ఞాపకం పోలేదు, కాలే పట్టు తప్పింది. నీళ్ళలో నడిపిస్తే కాలు దారికొస్తుందని వ్యాయామం నేర్పే ఆవిడ చెప్పడంతో కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పక్కనున్న కమ్మీ పట్టుకుని ఛాతీలోతు నీళ్ళలో ఆ చివరికి నడిచేవాడు. మొదట్లో ఒక్కసారి దాటేసరికి రొప్పేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి పన్నెండుసార్లు దాటుతున్నాడు. వరండాలో కర్ర లేకుండా నాలుగడుగులు వేయడం కూడా మొదలుపెట్టాడు.

మేస్త్రికీ ఆయనకీ తొందరలోనే మాట కలిసింది. మేస్త్రి ఆయన్ని బాబాయ్ గారూ అనేవాడు. పెద్దాయన పంపుని ఇంజనంటాడు, ఫిల్టరుని రేడియేటరంటాడు.

"నీ ఇంజను దగ్గుతోందోయ్ మేస్త్రీ, చూడు" అనేవాడు నీళ్ళలోంచే.

"దగ్గు కాదు బాబాయ్ గారూ, గాలి పీలుస్తోంది. బిరడా బిగిస్తే సర్దుకుంటుంది."

"మా డిపోలో కూడా ఇలాగే చెప్పేవాళ్ళు. ఆనక కొండెక్కేటప్పుడు ఆగిపోయేది."

బస్సు కబుర్లలో ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పేది ఒకటుంది. "రాత్రి సర్వీసులో ఒంటేలుకి బండి ఆపమని యాభై మంది గోల. దిగేవాళ్ళు దిగి చీకట్లోకి పోయేవాళ్ళు. నేను మాత్రం సీటు దిగేవాణ్ణి కాదు. డిపో చేరేదాకా అంతే. కండక్టర్లు పందాలు కాసేవాళ్ళు. ఒక్కడూ గెలవలేదు." చెప్పి తనే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మేస్త్రి ఆ కబురు నాలుగోసారి విన్నప్పుడు కూడా నవ్వాడు.

ఎండలు ముదిరాక నీళ్ళకి వాసన పట్టింది. ముక్కుకి తగిలే ఘాటు. ఇంజనీరు ఆదివారం ఈత కొట్టి బయటికొచ్చి కళ్ళు నలుపుకున్నాడు. డాక్టరమ్మకి దగ్గు వచ్చింది. ఆ వారం మేస్త్రి వచ్చేసరికి ఆవిడ క్లినిక్కి బయల్దేరుతూ రేకుల గది దగ్గర ఆగింది.

"మేస్త్రి గారూ, నీళ్ళు బొత్తిగా బాగోలేదు. ఏమైంది?"

మేస్త్రి అప్పటికే పరీక్ష గొట్టంలో చుక్కలు వేసి రంగు చూశాడు. చూడగానే విషయం తెలిసిపోయింది. జియోలైట్ నిండిపోయింది. ఏడాదిన్నరగా ఉప్పు మొహం చూడని గింజలు ఇంకేం పట్టుకుంటాయి? ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. ఎదురుగా మేకుకి అట్ట వేలాడుతోంది. అందులో తన చేతిరాత, మూడు తేదీలు. 

"ఈ మధ్య నీళ్ళలోకి ఎవరెవరు దిగుతున్నారమ్మా?" అన్నాడు.

"ఎవరున్నారు? ఆయన ఆదివారాలు. నాన్న రోజూ రెండుపూటలా."

మేస్త్రి పంపు వైపు చూస్తూ అన్నాడు. "పెద్దవయసు కదమ్మా. ఒక్కోసారి వాళ్ళకే తెలియకుండా... నీళ్ళలో ఉన్నప్పుడు రెండు చుక్కలు... అలాంటప్పుడు ఇదే వాసనొస్తుంది."

ముందుగా అనుకుని అన్న మాట కాదు. ఆ క్షణానికి గండం గడిస్తే చాలనుకున్నాడు. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "అయ్యో" అని మాత్రం అంది. సంచి భుజాన సర్దుకుని, "నేను చూసుకుంటాను. మీరు ఆయనతో అనకండి" అని వెళ్ళిపోయింది. మేస్త్రి రెండింతలు క్లోరిన్ వేసి, గేటు చప్పుడు కాకుండా వేసుకుని బయటపడ్డాడు. వీధి మలుపు తిరిగేదాకా పెద్దాయన ఎక్కడ పిలుస్తాడోనని వీపు బిగబట్టుకునే నడిచాడు.

తర్వాతి రెండు వారాలూ పెద్దాయన నిద్రపోయే వేళ చూసుకుని వచ్చి, పదినిమిషాల్లో పని ముగించుకుపోయాడు. మూడో వారం కుదరలేదు. పెద్దాయన కొలను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పొడిబట్టలు, చేతిలో కర్ర. పెదాలు ఎండి చిట్లి ఉన్నాయి.

"దిగలేదా బాబాయ్ గారూ?" అన్నాడు మేస్త్రి, తెలిసి తెలిసి.

"మానేశానోయ్."

"ఎందుకని?"

పెద్దాయన నీళ్ళ వైపు చూస్తూ కర్రతో అంచుని తట్టాడు. "నాకు తెలియకుండానే పోతోందట. అమ్మాయి నోటితో చెప్పలేక కాగితం మీద రాసి ఇచ్చింది పాపం. పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే నోరు పిడచకట్టుకుపోతుంది, లేచి నిలబడితే తల తిరుగుతుంది. డైపర్ కూడా కట్టుకుంటున్నా. మధ్యాహ్నం దాటితే మంచినీళ్ళు ముట్టడం లేదు. ఎందుకొచ్చిన గొడవ?"

"అది మీకు... మీకు ఎప్పుడైనా తెలిసిందా? తడి గానీ..."

"డైపరైతే పొడిగానే ఉంటోంది. అదే అమ్మాయితో అన్నా. నీళ్ళలోకి దిగితేనే అవుతుందేమో నాన్నా అంది. అయి ఉండొచ్చు. నీళ్ళలో ఉన్నప్పుడు తడేదో పొడేదో ఎవడికి తెలుస్తుంది?" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "అల్లుడు మంచివాడు. ఒక్కమాట అనడు. కాకపోతే ఆదివారం నీళ్ళలోకి దిగడం మానేశాడు. అన్నం దగ్గర నా పక్క కుర్చీ వదిలి అవతల కూర్చుంటున్నాడు. అనుకోకుండానే అలా కూర్చుంటున్నాడేమోలే."

కుర్చీలోంచి లేవబోతే కుడికాలు మాట వినలేదు. మేస్త్రి జబ్బ పట్టుకుని లేపాడు. ఆ జబ్బ తేలిగ్గా ఉంది.

మేస్త్రి ఆ పూట మరో మూడు ఇళ్ళకి వెళ్ళాల్సి ఉంది. ఎక్కడికీ వెళ్ళలేదు. బజారుకి పోయి ఉప్పు బస్తాలు తెచ్చాడు. భుజం నొప్పెడుతుంటే ఇంకొంచెం నొప్పెట్టనీ అనుకుంటూ మోశాడు. పంపు ఆపి, ట్యాంకు మూత తీశాడు. లోపల జియోలైట్ పైపొర జిడ్డుకట్టి, అక్కడక్కడా అట్టుకట్టి ఉంది. కడ్డీతో కదిలించి, ఉప్పునీళ్ళు నింపి, మూతేశాడు. మర్నాడు తెల్లవారగానే వచ్చి ఎదురుకడుగు పెట్టాడు. గాజుబుడ్డిలో ముందు టీ రంగు నీళ్ళు, తర్వాత కుడితి రంగు, చాలాసేపటికి తేటనీళ్ళు వచ్చాయి. ఇక వాసన పోతుంది, పెద్దాయన మళ్ళీ దిగుతాడు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండానే అంతా సర్దుకుంటుందని మేస్త్రి తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

వాసన పోయింది. వారం తిరిగేసరికి అడుగున పలకల గీతలు కూడా లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. ఆ రోజు సెలవు. ఇంజనీరు తడితలతో ఎదురొచ్చి మేస్త్రి వీపు తట్టాడు.

"మీరు చెప్పింది కరెక్టే మేస్త్రి గారూ. మావయ్య గారు దిగడం మానేశారు, నీళ్ళు చూడండి ఎలా ఉన్నాయో. నేనైతే నమ్మలేదు మొదట."

వెనకే డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆవిడకి సంతోషంగా లేదు. "అంటే నిజమేనన్నమాట. ఒకవేళ కాదేమోనని నాకు ఏ మూలో ఉండేది" అంది.

వరండా కుర్చీలోంచి పెద్దాయన అన్నాడు. "నేను చెప్పలా? ఇంకా అనుమానమేముంది? రుజువైపోయింది కదా."

 తప్పు దిద్దుకుందామని రహస్యంగా చేసిన పనే ఆ ముసలాయన మీద నేరాన్ని ఖాయం చేసింది.

ఇంటికి పోయి మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. అతని భార్య ఎదురుగా కూర్చుని బ్లౌజుకి హుక్కులు కుడుతోంది. నాలుగు రోజులుగా మొగుడి వాలకం చూస్తూనే ఉంది.

"ఏమిటో చెప్తారా, నన్నే కనిపెట్టమంటారా?" అంది.

చెప్పాడు. ముందు బస్సు డ్రైవరు కండక్టర్ల పందాల కబురు చెప్పాడు. ఆవిడ నవ్వింది. తర్వాత మిగతాది చెప్పాడు. సూది ఆగింది.

"ఇప్పుడు చెప్తే ఊరుకుంటారా వాళ్ళు? ఆ వీధి వీధంతా చెప్తారు. పద్నాలుగిళ్ళలో ఎన్ని మిగులుతాయి?"

"అదే నేనూ అనుకుంటున్నా."

"నీళ్ళు బాగయ్యాయి కదా. ఏదో ఒకటి చెప్పి ఆయన్ని మళ్ళీ దింపండి."

"ఊఁ."

ఆవిడ దారం కొరికి అడిగింది. "ఆయన మంచినీళ్ళు తాగుతున్నాడా ఇప్పుడైనా?"

మేస్త్రి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ఆవిడ కూడా తినమని బలవంతపెట్టలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి మళ్ళీ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇంట్లో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. భార్య చెప్పిన తేలిక దారే మొదట పట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, నాకెందుకో అది మీ వల్ల కాదేమోననిపిస్తోంది. పక్షులు రెట్టలేస్తాయి, ఆకులు కుళ్ళుతాయి, ఎండలొకటి... సవాలక్ష ఉంటాయి. మీరు దిగండి. ఏం కాదు."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ముసలాణ్ణి బుజ్జగించడానికి అబద్ధాలాడకోయ్. నువ్వు పని తెలిసిన మనిషివి. నువ్వు మొదట చెప్పిందే నిజం. నువ్వన్నావని అమ్మాయి చెప్పాకే కదా నేను ఒప్పుకుంది. లేకపోతే నా ఒంటి సంగతి నాకు తెలియదా అని దెబ్బలాడేవాణ్ణి."

మేస్త్రి మెట్టు మీద కూలబడ్డాడు.  లేచి రేకుల గదిలోకి వెళ్ళి మేకు మీది అట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"ఇందులో మూడు తేదీలు దొంగవి బాబాయ్ గారూ. ఇదీ, ఇదీ, ఇదీ. ఉప్పు వేయకుండానే వేశానని రాశాను. ఏడాదిన్నర. వాసన అందుకొచ్చింది. అమ్మగారు అడిగితే నా తప్పు బయటపడుతుందని మీ మీదికి తోశాను. మొన్న ఎవరికీ చెప్పకుండా ఉప్పు వేసి కడిగాను. నీళ్ళు తేటపడింది అందుకే, మీరు దిగడం మానేసినందుకు కాదు."

పెద్దాయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని ఒక్కో తేదీ మీదా వేలు పెట్టి చూశాడు.

"మా డిపోలో ఇలాంటివాళ్ళుండేవాళ్ళు" అన్నాడు నెమ్మదిగా. "బ్రేకులు చూడకుండానే చూశామని సంతకాలు పెట్టేసేవాళ్ళు. నేను బండి తీసే ముందు ఆ మెకానిక్కుని ఎక్కించుకుని డిపో చుట్టూ ఒక రౌండు తిప్పేవాణ్ణి, సంతకం పెట్టావుగా, కూర్చో అని. నా బండికి ఎవడూ దొంగసంతకం పెట్టేవాడు కాదు." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇక్కడ నేను ఎక్కించుకోలేదు నిన్ను. మనవాడేలే అనుకున్నా."

"నన్ను తిట్టండి బాబాయ్ గారూ."

"తిడితే నీకు తేలికవుతుంది. నాతో చెప్పి వెళ్ళిపోతే కూడా తేలికే. ఈ ఇంట్లో నన్ను ఇంకో కంటితో చూసినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు వచ్చాక వాళ్ళ ముందు చెప్పు."

ఇంజనీరు ఐదున్నరకి వస్తాడు, డాక్టరమ్మ ఆరింటికి. మేస్త్రి రేకుల గది గడప మీద కూర్చున్నాడు. పెద్దాయన మళ్ళీ పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి కర్ర ఆనించుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. కిటికీలోంచి కనిపించింది. కుండలోంచి గ్లాసు ముంచుకుని నిలబడే తాగాడు. ఆగి, రెండో గ్లాసు కూడా ముంచుకున్నాడు. గడగడా తాగుతుంటే గొంతు కదలడం మేస్త్రి చూశాడు. చూడలేక తల తిప్పుకున్నాడు.

ఇద్దరూ వచ్చాక భోజనాల బల్ల దగ్గర నిలబడి మొత్తం మళ్ళీ చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇంజనీరు అట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి కోపం కంటే ఇబ్బందే ఎక్కువైంది. ఆ ఇబ్బందిలోనే అడిగాడు.

"సరే. ఉప్పు వేయలేదు. అంతమాత్రాన మావయ్య గారి వల్ల కాదని మాత్రం ఎలా చెప్తారు?"

"చెప్పలేను సార్" అన్నాడు మేస్త్రి. "ఆయన వల్ల కాదని నాకు తెలియదు. ఆయన వల్లేనని కూడా నాకు తెలియదు. ఏమీ తెలియకుండానే అన్నాను. ఎవరు దిగినా చెమటుంటుంది. మీరు దిగినా, నేను దిగినా ఆ ఫిల్టరుకి అదే వాసనొచ్చేది."

ఇంజనీరు అన్నం వేళ తను కూర్చుంటున్న అవతలి కుర్చీ వైపు ఒకసారి చూసి, అట్టని బల్ల మీద బోర్లా పెట్టాడు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "పక్షవాతం వచ్చినప్పుడు కూడా నాన్న బట్టలు నా చేత మార్పించుకోలేదు. నర్సుని కూడా రానివ్వలేదు. అలాంటి మనిషికి నేను డైపర్ ఎలా కట్టాలో చూపించాను. గోడ వైపు తిరిగి నిలబడ్డారు." ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "ఆ మాట మీరు నా మొహం చూసి కూడా అనలేదు. పంపు వైపు చూస్తూ అన్నారు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను."

మేస్త్రి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"ఇకమీదట మీరు రావద్దు" అంది డాక్టరమ్మ.

"అలాగేనమ్మా."

అప్పటిదాకా నోరు విప్పని పెద్దాయన అన్నాడు. "రావద్దంటే ఎలాగమ్మా? మొన్న ఎంత కడిగినా పైపై కడుగే కదా. అట్టుకట్టిందని అతనే అంటున్నాడు. ఆ రాళ్ళు మొత్తం తోడిపారేసి కొత్తవి వేసి పొమ్మను. నేను దగ్గరుండి చూస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆ వారం మేస్త్రి మిగతా ఇళ్ళ అట్టలు కూడా ముందేసుకున్నాడు. జియోలైట్ ఉన్న ఇళ్ళు ఐదు. ఇంకో రెండింట్లో కూడా దొంగ తేదీలున్నాయి. పోయి చెప్పాడు. ఒకాయన పెద్దగా పట్టించుకోలేదు, "పోనీలెండి, ఇప్పుడు వేయండి" అన్నాడు. రెండో ఇంటావిడ మాత్రం తాళంచెవి వెనక్కి తీసుకుంది. భార్యకి చెప్తే, "పన్నెండు మిగిలాయిగా" అని మళ్ళీ కుట్టు పనిలో పడింది.

శనివారం పొద్దున్నే కొత్త బస్తాలతో డాక్టరమ్మ ఇంటికి చేరాడు. పెద్దాయన అప్పటికే రేకుల గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాత్రలు ఆపేశారట. మొహంలో కాస్త తేట వచ్చింది.

మేస్త్రి ట్యాంకు ఖాళీ చేసి, లోపలికి వంగి చెంబుతో పాత గింజలు తోడి గోతాల్లో నింపాడు. అడుగున కుండపెంకుల్లా గడ్డలు వచ్చాయి. ఒక గడ్డ ఇలా ఇమ్మని పెద్దాయన చెయ్యి చాపాడు. వేళ్ళతో నలిపి, వాసన చూసి, మొహం చిట్లించి పక్కన పెట్టాడు.

"అడుగున ఆ గొట్టాలేమిటి?"

"నీళ్ళు పోయే దారులు బాబాయ్ గారూ. సన్న చీలికలుంటాయి. ఒక్కటి విరిగినా రాళ్ళన్నీ కొలనులోకి వచ్చేస్తాయి."

"మరి పైనుంచి బస్తా గుమ్మరిస్తే విరగవూ?"

"అందుకే ముందు సగందాకా నీళ్ళు నింపుతాను. బరువు నీళ్ళ మీద పడుతుంది."

"నింపు. నేను చూస్తా."

మేస్త్రి నీళ్ళు నింపాడు. నడిమి గొట్టం మూతికి టేపు చుట్టాడు, గింజలు అందులో పడకుండా. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పెద్దాయన్ని గాలి వాలు తప్పించి కూర్చోబెట్టి, మెల్లగా బస్తా వంచాడు. తెల్లటి దుమ్ము లేచింది. ఒక్కో మెట్టూ పెద్దాయన అడిగాడు, మేస్త్రి చెప్పాడు. ఇదివరకటి నవ్వులాటలు లేవు. ఉత్త పని మాటలే. టేపు తీసి, మూత బిగించి, ఎదురుకడుగు పెడితే గాజుబుడ్డిలో పాలలాంటి నీళ్ళు వచ్చి, నెమ్మదిగా విరిగి, తేటపడ్డాయి. ఇంజనీరు కొత్త అట్ట పట్టుకొచ్చాడు. ఆయన మేకుకి తగిలించబోతుంటే పెద్దాయన అందుకుని, పెన్ను అడిగి, తేదీ తనే వేశాడు.

మధ్యాహ్నం దాకా పంపు నడిచింది. ఎండ కాస్త తగ్గాక పెద్దాయన ఈతబట్టలు వేసుకుని వచ్చాడు. నెల రోజులు మానేసినందుకు కాలు బాగా వెనక్కి పోయింది. మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది. పన్నెండుసార్లు దాటిన మనిషి రెండోసారికే కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. ఆగి, చుట్టూ నీళ్ళ వైపు చూసుకున్నాడు. చెయ్యి ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మెట్లెక్కి బయటికొచ్చి, తడికాళ్ళతో, కర్ర టకటకలాడిస్తూ బాత్రూము వైపు వెళ్ళాడు. అయిదు నిమిషాలకి తిరిగొచ్చి మళ్ళీ దిగాడు. ఒక్కసారి దాటాడు. మళ్ళీ బయటికొచ్చాడు.

పాత గింజల గోతాలు బండికెత్తుతున్న మేస్త్రి ఉండబట్టలేకపోయాడు.

"ఇప్పుడే వెళ్ళొచ్చారు కదా బాబాయ్ గారూ."

"వెళ్ళొచ్చా. ఏమీ లేదు కూడా" అన్నాడు పెద్దాయన. "అయినా ఒకసారి చూసుకునొస్తే కాస్త నిశ్చింతగా ఉంటుంది."

మేస్త్రి గోతం కింద పెట్టేశాడు. చేతులు కడుక్కుని మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన తిరిగొచ్చాక చెయ్యి అందించాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు గానీ మొహం వైపు చూడలేదు. కాలు తడుముకుంటూ ఒక్కో మెట్టే దిగాడు. వరండాలోంచి డాక్టరమ్మ చూసింది. లోపలికి పోలేదు.

ఆ సాయంత్రం పెద్దాయన మొత్తం అయిదుసార్లు కొలను దాటాడు. నాలుగుసార్లు బయటికొచ్చాడు. గోతం దించిన దగ్గర్నుంచి ప్రతిసారీ మేస్త్రి అక్కడే నిలబడి ఎక్కించాడు, దించాడు.